నందులపాడు హాల్టుకి ఎవరూ రాలేదు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకముందే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, వెనక మెట్ల మీద ఇంకో ఇద్దరు. "నమస్తే మేడమ్, నా పేరు శ్రీకాంత్. నందులపాడు ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారి మనవణ్ణి," అన్నాడు. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో! లోపలికి రమ్మని ఫ్యాను వేశాను. మా ఇల్లు బెజవాడ ఆటోనగర్‌కి దగ్గర. ఆదివారం పూట కూడా ఎవరో ఒకరు రేకు కొడుతూనే ఉంటారు. ఆ చప్పుడు మీద గొంతు పెంచి చెప్పుకొచ్చాడు కుర్రాడు. ఊరికి మళ్ళీ రైల్వే హాల్టు తెప్పించాలని సాధన సమితి పెట్టారట. ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నారట. అందులో పాత స్టేషను చరిత్ర నేను రాయాలట. "మీ నాన్నగారే కదా మేడమ్ మా ఊరి ఫస్ట్ స్టేషన్ మాస్టరు! పైగా మీరు తెలుగు టీచరు. రెండు పేజీలు చాలు. రైల్వే వాళ్ళ నిర్లక్ష్యం వల్ల స్టేషను ఎలా మూతపడిందో, మన ఊరు ఎలా పోరాడిందో, కొంచెం ఎమోషనల్‌గా రాయండి," అన్నాడు.

ఎమోషనల్‌గానట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి ఏమంటాం, కాఫీ కలుపుకొస్తానని వంటింట్లోకి వెళ్ళి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. రైల్వే వాళ్ళ నిర్లక్ష్యమా? రైల్వే వాళ్ళు పాపం, స్టేషనిచ్చారు, రైలాపారు, బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు రాయించారు. ఎక్కడానికి మనుషుల్ని కూడా వాళ్ళే తెచ్చిపెట్టాలా? ఆ స్టేషను మూతపడిన రోజున నా చదువూ మూతపడింది. డాక్టర్నవుదామనుకున్న పిల్లని తెలుగు టీచర్నయ్యాను. కత్తెర పట్టుకోవాల్సిన చేత్తో సుద్దముక్క పట్టుకుని, సవర్ణదీర్ఘ సంధి చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. ఆ చరిత్ర రెండు పేజీల్లో పట్టదు. పట్టినా సంచికలో వెయ్యరు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా నందులపాడు బందరు లైను మీద ఉంటుంది. రైలు కట్ట ఊరిని రాసుకుంటూ పోతుంది కానీ, నా చిన్నతనంలో అక్కడ స్టేషను లేదు. ఊరి వెనకాల పంటకాలువ మీద పాత కల్వర్టు ఒకటి ఉండేది. అది బలహీనంగా ఉందని రైలు అక్కడికొచ్చేసరికి ఎడ్లబండిలా నెమ్మదించేది. ఊళ్ళో మగవాళ్ళు అక్కడే గంతేసి ఎక్కేవాళ్ళు, అక్కడే గంతేసి దిగేవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళు వెంట ఉంటే, ముందెక్కిన పెద్దమనిషి చైను లాగి రైలాపేవాడు. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, నెయ్యి డబ్బా, పనసకాయ, పిల్లలు అందరూ ఎక్కాక కదిలేది రైలు. గార్డు తిట్టేవాడు. ఆయన చేతిలో గెడ్డపెరుగు ముంత పెట్టేవాళ్ళు. ఆ పెరుగు రుచి మరిగి, చివరికి ఆయనే "ఇవాళ మీ కోడలు గారు రావట్లేదా అండీ?" అని అడిగే దాకా వచ్చింది వ్యవహారం.

ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పెట్టిన అర్జీలకి కదలని రైల్వే వాళ్ళు ఈ చైను లాగుడు భరించలేక దిగొచ్చి, "బాబూ, మీకొక హాల్టిస్తాం, మర్యాదగా అక్కడెక్కండి," అన్నారు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. అయితే హాల్టుకి స్థలం కావాలి కదా! కల్వర్టు పక్కన పొలాలన్నీ ఊరి రైతులవి, బంగారం పండే భూములు. సెంటు భూమి ఇవ్వడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. తలా ఒక మాట అనుకుని, చివరికి ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారు తీర్పు చెప్పారు. "ఆ పల్లె పక్కన ఏమీ పండని చవిటిపర్ర ఖాళీగానే ఉందిగా. అక్కడ పెట్టమనండి. ఎవరికీ నష్టం లేదు." పల్లె అంటే మాది. మిషను వాళ్ళు కట్టించిన చర్చి, ఆ చుట్టూ తాటాకు ఇళ్ళు, కూలికి పోయే క్రైస్తవ కుటుంబాలు. ఊరి నుంచి స్టేషనుకి రావాలంటే, కాలవ గట్టు మీద చుట్టు తిరిగి రావడం తప్పితే, మా పల్లె నడివీధిలోంచి నడిచి రావాలి. స్థలం చూపించిన రోజున ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. తట్టిందేమో, అప్పుడు చూసుకుందాంలే అనుకున్నారేమో కూడా నాకు తెలీదు.

హాల్టులో రైల్వే ఉద్యోగులెవరూ ఉండరు. ఊళ్ళో కాస్త చదువుకున్న మనిషికి ఏజెన్సీ ఇస్తారు, అతను టిక్కెట్లు అమ్మి కమీషను పుచ్చుకుంటాడు. మిషను స్కూల్లో పాఠాలు చెప్పి మానేసిన మా నాన్న, దేవసహాయం మేస్టారు, దానికి అర్జీ పెట్టుకున్నాడు. వచ్చింది. ఇక మా నాన్న ఆనందం చూడాలి! ఏజెంటుకి రైల్వే వాళ్ళు దుస్తులేమీ ఇవ్వరు. అయినా గుడివాడ వెళ్ళి, నిలువెత్తు దర్జీ అద్దం ముందు నిలబడి, నల్లకోటు కుట్టించుకున్నాడు. మే నెల ఎండలో కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. ఊరివాళ్ళు వెటకారానికి "స్టేషన్ మాస్టరు గారూ" అని పిలిస్తే ఈయన నిజమనుకుని మురిసిపోయేవాడు. మా నాయనమ్మ మాత్రం అరుగు మీద కూచుని చుట్ట వెలిగించుకుంటూ, "ఆ కోటు తగలెయ్య, చెమట కంపు ఉతకలేక నా చేతులు పోతున్నాయి," అని రోజూ ఒకే తిట్టు తిట్టేది.

అమ్మ తమ్ముణ్ణి కని పోయింది. మా ఇద్దర్నీ నాయనమ్మే పెంచింది. తెల్లవారకముందే లేచి, పొయ్యిలో పిడక అంటించి, స్తోత్రం ఒకటి గొణుక్కుంటూ చల్ల చిలికేది. స్తోత్రంలో దేవుడి పేరు వచ్చే చోట ఆగి, "లేవే కరుణా, రైలొచ్చే వేళయింది," అని నాకో కేక పెట్టి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేది. చద్దన్నంలో ఎండురొయ్యల పొడి, పక్కన ఉల్లిపాయ. నేను తింటుంటే నాన్న వేపపుల్ల నములుతూ ప్లాట్‌ఫారం వైపు వెళ్ళేవాడు. ప్లాట్‌ఫారమంటే గొప్పదనుకునేరు, ఎర్రకంకర పోసిన దిబ్బ, ఒక రేకుల గది, రెండు సిమెంటు బెంచీలు. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి ఊడ్చి, కళ్ళాపి జల్లి, బెంచీలు తుడిచి, అప్పుడు కోటు వేసుకునేవాడు. టిక్కెట్లు అట్టముక్కల్లా గట్టిగా, కొత్త పుస్తకం వాసన వేస్తూ ఉండేవి. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసనొస్తే నాకు ఆ రేకుల గదీ, తడిమట్టీ, నాయనమ్మ చుట్టా కలిసి గుర్తొస్తాయి.

నేను గుడివాడలో ఇంటర్ బైపీసీ చదివేదాన్ని. మా పల్లెలో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. అదంతా ఆ రైలు పుణ్యమే. మట్టిరోడ్డు వానాకాలం మోకాలి లోతు బురద, బస్సు పేరెత్తితే నవ్వేవాళ్ళు. పక్క స్టేషనుకి పోవాలంటే మనిషి అలికిడి లేని కాలవ గట్టు మీద ఒంటరిగా నడవాలి. నాయనమ్మ ముందే తేల్చి చెప్పింది. "ఇంటి ముందు రైలెక్కి ఇంటి ముందు దిగినన్నాళ్ళే దీని చదువు. గట్ల మీద పిల్లని తిప్పితే నేనొప్పుకోను." మిషను ఆస్పత్రిలో తెల్లచీర డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ మెళ్ళో వేసుకున్న స్టెతస్కోపు ఒకసారి నా చెవుల్లో పెట్టి నా గుండె నాకే వినిపించింది. ఆ రోజు నుంచి నాకింకో ఆలోచన లేదు. రైలుంటే చదువు, చదువుంటే డాక్టరు. లెక్క అంత తేలిగ్గా ఉండేది.

ఇక ఊరివాళ్ళ సంగతి. హాల్టు తెరిచిన రోజున మామిడి తోరణాలు, సన్నాయి, కొబ్బరికాయలు, అబ్బో! ప్రెసిడెంటు గారు రైలింజనుకి బొట్టు పెట్టి, కాలవ గట్టు మీదుగా వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున మా నాన్న కోటు వేసుకుని, గది తెరిచి, టిక్కెట్లు సర్దుకుని కూచున్నాడు. రైలు కూత వినిపించింది. దూరంగా కల్వర్టు దగ్గర పొగ ఆగింది. ఆగి, కాసేపు అక్కడే ఉండి, మళ్ళీ కదిలి మా హాల్టుకొచ్చింది. పెట్టెల్లోంచి మా ఊరి పెద్దమనుషులు కిటికీల్లో కూచుని మా నాన్న వంక చూశారు. కల్వర్టు దగ్గరే ఎక్కేశారు మరి! స్టేషను కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టిన మనుషులు, స్టేషనొచ్చాక కూడా కల్వర్టు దగ్గరే ఎక్కారు.

మొదట్లో నాన్న, అలవాటు పోవాలంటే టైము పడుతుందిలే అనుకున్నాడు. పోలేదు. అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో సాకు. ఒకరికి ఎండ, ఒకరికి మోకాళ్ళ నొప్పి. "అక్కడ నీడ లేదండీ మేస్టారూ," అని ఇంకొకరు. కల్వర్టు దగ్గర మాత్రం రావిచెట్టు పందిరి వేసుకు కూచుందా ఏమిటి? నిప్పులు చెరిగే కంకరే అక్కడా ఉంది. అసలు సంగతి ప్రెసిడెంటు గారి భార్య ఒకసారి, పాపం కల్లాకపటం లేని మనిషి, నాన్న మొహం మీదే అనేసింది. "ఆ పల్లెలోంచి నడిచి రావడమంటే మా కోడళ్ళు ఒప్పుకోరు మేస్టారూ. మీరేమీ అనుకోకండేం." అనుకోకుండా ఎలా ఉంటాం తల్లీ! మా వీధిలో మురుగు లేదు, పెంట లేదు. నాయనమ్మలాంటి ముసలమ్మలు అరుగుల మీద కూచుని రాగులు చెరుగుతుంటారు. మా పల్లె వాళ్ళొక్కళ్ళే బుద్ధిగా హాల్టులో ఎక్కేవాళ్ళు. కానీ కూలికి పోయే జనం రోజూ రైలెక్కి ఎక్కడికి పోతారు? ఆస్పత్రికో, క్రిస్మస్ బట్టలకో. రోజూ ఎక్కేది నేనొక్కదాన్నే. నాన్న నాకు టిక్కెట్టు కొట్టి ఇచ్చి, ఇంకెవరైనా వస్తారేమోనని వీధి వంక చూస్తూ నిలబడేవాడు.

ఇలా ఉంటుండగా, ఈ హాల్టు ఉంచాలా తీసెయ్యాలా చూడ్డానికి బెజవాడ నుంచి రైల్వే ఇన్‌స్పెక్టరు ఒకాయన వస్తున్నాడని కబురొచ్చింది. నాన్నకి ఆ పూట అన్నం సయించలేదు. కోటు వేసుకుని ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన వసారాలో పడక్కుర్చీలో కూచుని తమలపాకులకి సున్నం రాసుకుంటున్నారు. నాన్న మెట్టు కింద నిలబడి, "బాబూ, ఒక్క రోజు. ఆ ఒక్క రోజు మనవాళ్ళు హాల్టులో ఎక్కితే స్టేషను నిలబడుతుంది. మా అమ్మాయి చదువు నిలబడుతుంది," అన్నాడు. ప్రెసిడెంటు గారు చివ్వున లేచారు. "ఎంత మాట మేస్టారూ! అది మన స్టేషను కాదూ? ఒక్కరేమిటి, ఊరు ఊరంతా దించుతాను. మీరు నిశ్చింతగా ఉండండి!" నా తల నిమిరి, "డాక్టరువై ముందు నా మోకాళ్ళకి మందివ్వాలమ్మాయ్," అన్నారు. ఆ మాటకి నాన్న దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ప్రెసిడెంటు గారు మాట తప్పారని ఎవరూ అనలేరు. అదే కదా నా ఏడుపు! చెప్పినట్టే ఊరంతా దిగింది. మా పల్లె మీదుగా కాదు, కాలవ గట్టు మీదుగా, బళ్ళు కట్టుకుని మరీ. వచ్చీ రాగానే షామియానా వేశారు. కుర్చీలు, జంబుఖానా, మైకు సెట్టు, "హలో హలో, మైక్ టెస్టింగ్". సన్నాయి మేళం. లేత కొబ్బరిబొండాలు గెలలు గెలలు. గంపెడు బంతిపూల దండలు. మా నాన్న కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఆనందంతో అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఇన్‌స్పెక్టరు రైలు కంటే ముందే, పట్టాల మీద తోసుకొచ్చే ట్రాలీ మీద వచ్చాడు, సన్నగా, విసుగ్గా ఉన్నాడు మనిషి. దిగీ దిగగానే మెడలో దండ పడింది. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత శాలువా. "రైల్వే శాఖకి నందులపాడు గ్రామ ప్రజల తరఫున" అని మైకులో మొదలుపెట్టారు ప్రెసిడెంటు గారు. దండల మధ్య నుంచి తల పైకెత్తి ఆ ఇన్‌స్పెక్టరు, "రైలెప్పుడొస్తుంది?" అని నాన్నని అడిగాడు.

అప్పుడే కూత వినిపించింది. అందరం అటు చూశాం. కట్ట తిన్నగా ఉండటంతో కల్వర్టు దాకా కనిపిస్తుంది. పొగ వచ్చింది, నెమ్మదించింది, ఆగింది. అటు గట్టు మీద రంగురంగుల చీరలు, గొడుగులు, మూటలు. జనం ఒకరినొకరు చెయ్యిచ్చి లాక్కుంటూ పెట్టెల్లోకి ఎక్కుతున్నారు. సంగతేమిటంటే, హాల్టుకి వచ్చినవాళ్ళంతా సన్మానానికి వచ్చారు. ఆ రోజు నిజంగా ప్రయాణం ఉన్నవాళ్ళు మాత్రం, రోజూ వెళ్ళినట్టే, కల్వర్టుకి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు కళ్ళు చిట్లించి, "ఏమిటది? అక్కడ సిగ్నలుందా?" అన్నాడు. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకునే, మహా గర్వంగా, "మావాళ్ళేనండీ, ఎక్కుతున్నారు. చూశారా సార్, మా ఊళ్ళో రద్దీ ఎంత ఉందో!" అన్నారు.

ఏం చెప్పను! ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలీదు. ఆయన కుట్ర చెయ్యలేదు, అబద్ధమాడలేదు. నిండు మనసుతో, ఊరికి మేలు చేస్తున్నానన్న నమ్మకంతో, మైకులో మా స్టేషను పీక కోశారు. రైలు మా ముందుకొచ్చి ఆగింది. నాన్న జనం వైపు తిరిగి, చేతులు జోడించి, "ఎక్కండి బాబూ, టిక్కెట్లు నేనే కొట్టిస్తాను, వచ్చే స్టేషన్లో దిగిపోదురు గాని," అన్నాడు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఇవాళ మాకక్కడేం పని లేదు మేస్టారూ," అన్నారెవరో. నేనొక్కదాన్నే పుస్తకాలు గుండెకి హత్తుకుని ఎక్కాను. ఇన్‌స్పెక్టరు మెడలోంచి దండలు ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పెడుతూ, "ఇక్కడెక్కేది మీ అమ్మాయొక్కతేనా?" అని నాన్నని అడగడం కిటికీలోంచి వినిపించింది. నాన్న ఏం జవాబు చెప్పాడో రైలు చప్పుడులో వినపడలేదు.

కొన్నాళ్ళకి హాల్టు ఎత్తేశారు. రైలు మా ఇంటి ముందు నుంచి ఆగకుండా పోవడం మొదలెట్టింది. కల్వర్టు దగ్గర మాత్రం మహారాజులా ఆగేది, చైను ఉండనే ఉంది కదా! ఊరికి ఏ లోటూ రాలేదు. లోటు నాకొక్కదానికే. "నాన్నా, నేనూ కల్వర్టు దగ్గర ఎక్కుతాను," అని బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను. వినలేదు. "ఇన్నాళ్ళూ అక్కడ ఎక్కొద్దని ఊరందరి కాళ్ళా వేళ్ళా పడ్డవాణ్ణి. ఇవాళ నా కూతుర్నే అక్కడ ఎక్కిస్తే నా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నాడు. ఎవరుమ్మేస్తారయ్యా! వాళ్ళకసలు నీ సంగతే గుర్తులేదు! కానీ ఆయనకి చెప్పేదెవరు? నాయనమ్మ చెప్పింది. చుట్ట నేలకేసి రుద్ది, "నీ పరువు పాడుగాను, పిల్ల బతుకు చూడరా," అంది. అప్పటికీ కదల్లేదు.

ఒక రోజు కాలేజీలో కప్ప డిసెక్షనుంది. పరీక్ష లాంటిదే, మానకూడదు. హాల్టు పోయినా అలవాటు మానని నాన్న ప్లాట్‌ఫారం వైపు వెళ్ళగానే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "పదవే, నేనెక్కిస్తాను," అంది. గట్ల మీద తిప్పనన్న మనిషి, తనే ముందు నడిచింది. పల్లె దాటి, ఊరి నడివీధిలోంచి, అరుగుల మీది మొహాలు చూడకుండా వెళ్ళాం. కల్వర్టు దగ్గర ఊరి ఆడవాళ్ళు గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి కొంచెం సర్దుకున్నారు, అంతే. ప్రెసిడెంటు గారి భార్య, "మేస్టారి అమ్మాయివి కదూ, రా, మా కోడలి పక్కన నిలబడు, చైను లాగుతార్లే," అంది. నా చేతిలో డిసెక్షన్ పెట్టె. లోపల కత్తెర, సూదులు గలగలమంటున్నాయి. రైలు పొగ కనిపించింది. నేను చెప్పులు గట్టిగా తొడుక్కున్నాను.

అప్పుడు కట్ట మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు మా నాన్న, ఆ ఎండలో, ఆ నల్లకోటులో. వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంటికి పద." రైలొచ్చింది. ఆగింది. ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. "ఎక్కనివ్వండి మేస్టారూ, పిల్ల చదువు," అని ప్రెసిడెంటు గారి భార్య రైల్లోంచే అంది. "వద్దండీ, నా ఇంట్లో ఈ దొంగ ఎక్కుడు జరగదు," అన్నాడు నాన్న. నాయనమ్మ ఆయన వీపు మీద దబదబా బాదుతోంది. నేను చెయ్యి విడిపించుకోబోయాను. ఆయన పిడికిలి ఊడలేదు. గార్డు పెరుగు ముంత అందుకుని పచ్చజెండా ఊపాడు. రైలు వెళ్ళిపోయింది.

ఊరివాళ్ళకేమో పల్లె మీదుగా నడవడం నామోషీ. మా నాన్నకి కల్వర్టు దగ్గర ఎక్కించడం నామోషీ. వీళ్ళందరి నామోషీ నిలబడింది, నా చదువొక్కటే పోయింది. బైపీసీ ఇంట్లో కూచుని ప్రైవేటుగా రాయడానికి వీల్లేదు, ప్రాక్టికల్స్ ఉంటాయి. తర్వాతెప్పుడో ఆర్ట్స్ కట్టి, బీయే అయ్యి, పండిత ట్రైనింగు చేసి, ఉద్యోగంలో చేరాను. ఊరికి బస్సు వచ్చేసరికి నాకు పెళ్ళి కూడా అయిపోయింది. నాన్న మాత్రం, స్టేషను పోయినా, పొద్దున్నే ఆ ఎర్రదిబ్బ ఊడ్చి, కళ్ళాపి జల్లి, ఆగని రైలుకి పచ్చజెండా ఊపుతూ నిలబడేవాడు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా అది చూస్తే నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఆయనంటే నాకు ప్రాణం, అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

కాఫీ తీసుకెళ్ళి శ్రీకాంత్ చేతికిచ్చాను. ఇప్పుడు ఊరెలా ఉందో చెప్పాడు. పొలాలన్నీ చేపల చెరువులయ్యాయి, ఇంటికో కారుంది. కల్వర్టు కొత్తది కట్టారు, రైలిప్పుడు అక్కడ నెమ్మదించదు, ఆగదు. మా పల్లెలోనూ శ్లాబు ఇళ్ళు లేచాయి. అదంతా నాకు తెలుసు, మా తమ్ముడింకా అక్కడే ఉన్నాడు. వాడి మనవరాలు స్నేహ గుడివాడలో బైపీసీ చదువుతోంది. వద్దన్నా వినకుండా అదే గ్రూపు తీసుకుంది. రోజూ షేరాటోలో, డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ పోతుందట. "మామ్మా, వర్షమొస్తే ఆటో రాదు, ప్రాక్టికల్స్ పోతున్నాయి," అని మొన్న ఫోన్లో ఏడ్చింది. ప్రాక్టికల్స్ పోతున్నాయని ఆ ఇంట్లో ఆడపిల్ల ఏడవడం నేను రెండోసారి వినడం. మొదటిసారి ఏడ్చింది నేనే.

"ఇంతకీ హాల్టు ఎక్కడ అడుగుతున్నారు బాబూ?" అన్నాను. శ్రీకాంత్ ఉత్సాహంగా ఫైల్లోంచి ప్లాను తీసి టీపాయి మీద పరిచాడు. గళ్ళు, గీతలు, కారు పార్కింగు, కాలవ. వేలు పెట్టి చూపించాడు. కల్వర్టు దగ్గర.

"పాత చోట ప్లాట్‌ఫారం దిబ్బ ఇంకా ఉందిగా? బెంచీలు కూడా ఉన్నాయి, నేను చూశాను."

"అక్కడికెవరొస్తారు మేడమ్, అంత లోపలికి?" అన్నాడు, ఎంతో మర్యాదగా. వాళ్ళ తాతగారి గొంతే. "కల్వర్టయితే అందరికీ కన్వీనియెంటు."

చెంప పగలగొట్టాలనిపించింది, నిజం చెబుతున్నాను. ఆ ప్లాను చింపి మొహాన కొడితే మా నాన్న ఆత్మ శాంతిస్తుందేమో కూడా అనిపించింది. కుర్రాడు పెన్ను తీసి, "పల్లె తరఫున మీ సంతకం ఉంటే బాగుంటుంది మేడమ్," అన్నాడు. పెన్ను అందుకున్నాను. నా మణికట్టు మీద మా నాన్న పిడికిలి ఉన్నట్టే ఉంది. ఆటోలోంచి వేలాడుతున్న స్నేహ కళ్ళ ముందు మెదిలింది. కల్వర్టు దగ్గర ఆగితే ఆగనీ, కంకర మీద ఆగితే ఆగనీ. ఆ పిల్ల ఎక్కాలి.

సంతకం పెట్టాను. కోపంతో పెట్టానేమో, కాగితానికి చిల్లు పడింది. "ఇదిగో శ్రీకాంత్, నా మాట ఒక్కటి విను," అన్నాను. "రైల్వే ఆఫీసరు చూడ్డానికొచ్చిన రోజున మాత్రం మీ సన్మానాలూ మైకులూ పెట్టకండి. దండలు తేకండి. ఊళ్ళో ప్రతివాడూ పక్క స్టేషన్లో టిక్కెట్టు కొనుక్కుని, ఆ టిక్కెట్టు చేత్తో పట్టుకుని ఆయనకి కనపడండి. అర్థమైందా?"

కుర్రాడు ఫైలు మూస్తూ ఇబ్బందిగా నవ్వాడు. "ఆఫీసరు గారు వచ్చే వారమే వస్తున్నారు మేడమ్. హనుమాన్ జంక్షన్‌లో గజమాలకి ఆర్డరిచ్చేశాం," అన్నాడు. "క్రేను కూడా మాట్లాడాం."